ఒకే కంచెకు అటూ ఇటూ రెండు సర్కారు బడులు ఎందుకు?

ప్రశ్న: కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌కి వచ్చి మూడు నెలలైంది. మా వీధి చివర రెండు బడులు, మధ్యలో ఒక్క ఇనుప కంచె. ఇద్దరు ప్రిన్సిపాళ్లు, రెండు పార్కింగులు. ఒకటి కాథలిక్‌ది, అయినా రెండిటికీ డబ్బు సర్కారుదేనట! గుంటూరులో నేను చదివిన ఎయిడెడ్ మిషన్ బడిలో అన్ని మతాల పిల్లలూ ఉండేవాళ్లం. మేం కాథలిక్కులం కాదు, మావాణ్ణి ఈ కాథలిక్ బడిలో ఒకటో తరగతిలో చేర్చుకుంటారా?

జవాబు 1: కష్టం తమ్ముడూ. ఎలిమెంటరీకి మామూలుగా బాప్టిజం సర్టిఫికెట్ అడుగుతారు, పిల్లాడిదో తల్లిదండ్రులదో. తొమ్మిదో తరగతి నుంచి ఎవరైనా చేరొచ్చు. మా అమ్మాయి అలాగే చేరింది, యూనిఫాం ఇస్త్రీ మాత్రం నా ప్రాణానికొచ్చింది.

జవాబు 2: కాథలిక్ బడులకు సర్కారు డబ్బు అనేది 1867 నాటి ఒప్పందం, కెనడా రాజ్యాంగం 93వ సెక్షన్. అప్పట్లో మతపరంగా మైనారిటీలైనవాళ్లకు రక్షణ. ఇప్పుడు ఒంటారియోలో ఇంగ్లిష్, ఫ్రెంచ్, పబ్లిక్, కాథలిక్ కలిపి బడులు నడిపే బోర్డులు 72. ఒక్క మతానికే డబ్బివ్వడం వివక్ష అని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1999లోనే చెప్పింది. ఎవరు విన్నారు? క్విబెక్, న్యూఫౌండ్లాండ్ రాష్ట్రాలు మాత్రం తొంభైల చివర్లో రాజ్యాంగం సవరించుకుని ఈ పద్ధతిని వదిలించుకున్నాయి.

జవాబు 1: పబ్లిక్, కాథలిక్ బోర్డుల్ని కలిపేస్తే కోట్లు మిగులుతాయంటారు గానీ, నాకంత నమ్మకం లేదు. నిధులొచ్చేది పిల్లల లెక్కన. పిల్లలు ఎక్కడికీ పోరుగా. బ్రాంప్టన్ ఉన్న మా పీల్ ప్రాంతంలో బడి బస్సులు రెండు బోర్డులూ ఇప్పటికే కలిపి నడుపుతున్నాయి. సగం ఖాళీ బడుల సంగతే అసలు దండగ.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అక్కా. రేపు కంచెకు ఇవతలున్న పబ్లిక్ బడికే వెళ్తాం.