ఇంట్లో తయారుచేసే బీరుకు కెజరేటర్: పాత ఫ్రిజ్ మేలా, చెస్ట్ ఫ్రీజర్ మేలా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా ఇంట్లో గోధుమ బీరు, పేల్ ఏల్ తయారుచేస్తున్నాను. ఐదు గ్యాలన్ల బీరు పులిసి సిద్ధమైన ప్రతిసారీ యాభైకి పైగా సీసాలు కడిగి, చక్కెర కొలిచి వేసి, మూతలు బిగించి, గ్యాసు పట్టేదాకా మరో రెండు వారాలు ఆగవలసి వస్తోంది. ఇకమీదట బీరును కెగ్గులోకి (బీరు నింపే స్టీలు పీపాలోకి) ఎక్కించి, చల్లగా ఉంచి, కార్బన్ డయాక్సైడ్ గ్యాసు ఒత్తిడితో ట్యాపు నుంచి నేరుగా గ్లాసులోకి పట్టుకొనే ఏర్పాటు, అంటే కెజరేటర్, చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. రెండు కెగ్గులు పడితే చాలు. దాన్ని గ్యారేజీలో పెట్టాలి. వేసవిలో అక్కడ వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది.

నా ముందు రెండు దారులున్నాయి. వాడకుండా పక్కన పెట్టిన పాత ఫ్రిజ్ ఒకటి ఉంది, దానికి పైన ఫ్రీజరు అర ఉంటుంది. దాని తలుపుకు రంధ్రాలు వేసి ట్యాపులు బిగించుకోవచ్చు. లేదంటే పెట్టెలా మూత పైకి తెరుచుకొనే ఏడు ఘనపుటడుగుల చెస్ట్ ఫ్రీజర్ కొని, దానికి చలి మితిమీరకుండా ఆపే టెంపరేచర్ కంట్రోలర్ తగిలించుకోవచ్చు.

ఇక అసలు సందేహం నురగ గురించి. మా మిత్రుడి ఇంట్లో చిన్న ఫ్రిజ్ మీద టవర్ (ట్యాపు బిగించిన నిలువు స్తంభం) నిలబెట్టిన కెజరేటర్ ఉంది. అందులో మొదటి గ్లాసు సగానికి పైగా నురగే వస్తుంది. వెంటనే పట్టిన రెండో గ్లాసు చక్కగా ఉంటుంది. అరగంట ఆగి పడితే మళ్లీ నురగే. ఒత్తిడిని 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) నుంచి 6కు తగ్గిస్తే నురగ తగ్గలేదు సరికదా, వారం తిరిగేసరికి బీరు చప్పబడిపోయింది. కారణం ఏమిటో తెలిస్తే నా ఏర్పాటులో ముందే జాగ్రత్తపడతాను. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కనుక గ్యాసు సిలిండర్ విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు కూడా తెలియజేయగలరు.

మొదటి జవాబు (హ్యూస్టన్)

నమస్కారం అండి. మీ మిత్రుల ఇంట్లో జరుగుతున్నదానికి కారణం ఒత్తిడి కాదు, టవర్ వేడెక్కడం. మొదటి గ్లాసు నురగ, రెండోది బాగుండడం, కాసేపు ఆగితే మళ్లీ నురగ రావడం అనే వరుస కనిపిస్తే ఇక వేరే కారణం వెతకవలసిన పని లేదు. రెండో గ్లాసు, మూడో గ్లాసు కూడా నురగే వస్తుంటే అప్పుడు గొట్టం పొట్టిగా ఉందనో, బీరులో గ్యాసు ఎక్కువ పట్టిందనో అనుమానించాలి.

దీని వెనక ఉన్న లెక్క తెలిస్తే కెజరేటర్ ఎలా కట్టుకోవాలో దానంతట అదే తేలిపోతుంది. బీరులో ఎంత గ్యాసు కరిగి నిలుస్తుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: బీరు చల్లదనం, దానిపైన ఉన్న ఒత్తిడి. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పేల్ ఏల్‌కు తగిన రెండున్నర వాల్యూముల గ్యాసు, అంటే బీరు పరిమాణానికి రెండున్నర రెట్ల గ్యాసు, నిలవడానికి 11 నుంచి 12 పీఎస్ఐ సరిపోతుంది. అదే బీరు 50 డిగ్రీలకు వెచ్చబడితే, అంతే గ్యాసును పట్టి ఉంచడానికి 17, 18 పీఎస్ఐ కావాలి. కెగ్గు ఫ్రిజ్ లోపల చల్లగానే ఉన్నా, టవర్ బయటి గాలిలో నిలబడి ఉంటుంది. దానిలోని గొట్టంలో ఆగిన కాస్త బీరు వెచ్చబడుతుంది. దానిమీద ఉన్న 12 పీఎస్ఐ గ్యాసును అణచి ఉంచడానికి చాలదు. ట్యాపు తెరవగానే ముందుగా గ్లాసులో పడేది ఆ బీరే. దాని వెనకే వచ్చే చల్లని బీరు కూడా వెచ్చని ట్యాపు లోహాన్ని తాకి నురగ కడుతుంది. గ్లాసు నిండేసరికి ట్యాపు చల్లబడి ఉంటుంది కాబట్టి రెండో గ్లాసు బాగుంటుంది.

ఒత్తిడి తగ్గించడం ఎందుకు పనిచేయలేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. 12 దగ్గర సమతూకంగా ఉన్న బీరు మీద 6 మాత్రమే ఉంచితే, కరిగిన గ్యాసు కెగ్గులోనూ గొట్టంలోనూ బుడగలుగా విడిపోవడం మొదలుపెడుతుంది. అందువల్ల మొదట్లో నురగ ఇంకా పెరుగుతుంది, తర్వాత బీరు చప్పబడుతుంది. ఒత్తిడిని బీరుకు కావలసిన గ్యాసునుబట్టే నిర్ణయించాలి. ప్రవాహం వేగాన్ని అదుపు చేయవలసింది గొట్టం పొడవు. లోపలి వ్యాసం 3/16 అంగుళం ఉన్న మామూలు వినైల్ గొట్టమైతే 12 పీఎస్ఐకి పది అడుగులు పెట్టుకోండి. అమ్మేవారు ఐదడుగులు చాలంటారు, వారి లెక్కలు కూడా కాగితం మీద అలాగే ఉంటాయి, కానీ ఇంటి వాడకంలో పది అడుగులే నెమ్మదిగా, నిలకడగా పోస్తుంది. పొడవు మరీ ఎక్కువైందనిపిస్తే తర్వాత కోసుకోవచ్చు.

కనుక నా సలహా పాత ఫ్రిజ్. ట్యాపు తలుపులోంచే బయటికి వస్తుంది, దాని వెనక భాగం, గొట్టం అంతా చలిలోనే ఉంటాయి. టవర్ అనే ఇబ్బందే ఉండదు. వేరే కంట్రోలర్ కూడా అక్కరలేదు, ఫ్రిజ్ మీటనే సరిచేసుకొని, నీళ్ల గ్లాసులో థర్మామీటరు ముంచి ఒక రోజు చూసుకుంటే చాలు. పైన ఉన్న ఫ్రీజరు అరలో హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) దాచుకోవడం మరో లాభం. రంధ్రం తలుపుకు మాత్రమే వేయండి, పక్క గోడల జోలికి వెళ్లవద్దు. చాలా ఫ్రిజ్‌లలో పక్క గోడల లోపలే శీతలీకరణ గొట్టాలు పోతుంటాయి. కొత్తవాటిలో మండే స్వభావం గల ఆర్600ఏ వాయువు కూడా ఉంటుంది కనుక అక్కడ డ్రిల్లు దిగితే ఫ్రిజ్ పాడవడంతో ఆగకపోవచ్చు. తలుపులో మంచినీళ్లు, ఐసు ఇచ్చే ఏర్పాటు ఉన్న మోడల్ అయితే అందులోనూ తీగలు, గొట్టాలు ఉంటాయి, చూసుకొని మొదలుపెట్టండి.

రెండో జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)

పై మిత్రులు నురగ గురించి చెప్పినదంతా నిజం. అయినా చెస్ట్ ఫ్రీజర్ వైపు కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రెండు కెగ్గులతో మొదలుపెట్టినవారు చాలామంది ఏడాది తిరగకుండానే మూడోదానికి చోటు వెతుక్కుంటారు. ఏడు ఘనపుటడుగుల ఫ్రీజర్‌లో మూడు కెగ్గులు, కొన్ని మోడళ్లలో నాలుగు కూడా పడతాయి. మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి తీసిన ప్రతిసారీ చలి కిందికి కారిపోదు.

దీనికి చేయవలసిన ముఖ్యమైన పని చెక్క కాలర్. మూతను కీళ్లతో సహా విప్పి, 2x8 (అంగుళాల్లో చెప్పే కొలత) చెక్కలతో ఫ్రీజర్ అంచుకు సరిపోయే చట్రం చేసి, దాన్ని అంచు మీద కూర్చోబెట్టి, మూతను ఆ చట్రానికి బిగించాలి. ట్యాపుల రంధ్రాలు ఆ చెక్కకే వేస్తాము. ఫ్రీజర్ గోడల నిండా శీతలీకరణ గొట్టాలే కాబట్టి వాటికి డ్రిల్లు తగలకూడదు. చట్రానికీ అంచుకూ మధ్య తలుపులకు అంటించే స్పాంజి పట్టీ వేయండి. లోపలి వైపు వేడిని లోపలికి రానివ్వని థర్మల్ షీటు ఒక అంగుళం మందంది అంటించండి. లోపల చెమ్మ చేరుతుంది కనుక చెక్కకు ముందే మంచి వార్నిష్ పట్టించకపోతే బూజు పడుతుంది. తేమ పీల్చే డబ్బా ఒకటి అడుగున పెట్టి అప్పుడప్పుడు మార్చుకోవాలి.

చెస్ట్ ఫ్రీజర్‌కు ఉన్న అసలు లోపం వేరే ఉంది. బావిలో అడుగు నీళ్లు చల్లగా, పై నీళ్లు వెచ్చగా ఉన్నట్టే ఇందులోనూ చలి అడుగుకు దిగుతుంది, ట్యాపులున్న కాలర్ దగ్గర గాలి వెచ్చగా మిగిలిపోతుంది. హ్యూస్టన్ మిత్రులు చెప్పిన నురగ ఇక్కడ అలా మొదలవుతుంది. పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి, పన్నెండు వోల్టుల అడాప్టరు ఒకటి తెచ్చి, ఫ్యానును అడుగున పెట్టి పైకి ఊదేలా తిప్పి ఉంచితే చాలు. కంట్రోలర్ కొలత పుల్లను గాలిలో వేలాడదీయకుండా కెగ్గు పక్కకు టేపుతో అంటించి, పైన స్పాంజి ముక్క కప్పాలి. అప్పుడు అది గాలి వేడిని కాక బీరు వేడిని చూస్తుంది, కంప్రెసర్ ఊరికే ఆగి మొదలవుతూ అరిగిపోదు. ఇంక్‌బర్డ్ వంటి కంట్రోలర్లలో కంప్రెసర్ ఆలస్యం అనే అమరిక ఉంటుంది, దాన్ని కనీసం మూడు నిమిషాలకు పెట్టండి. కంట్రోలర్ లేకుండా ఫ్రీజర్‌ను నడిపితే ఐదు శాతం ఆల్కహాల్ ఉన్న బీరు సుమారు 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే గడ్డకడుతుందన్నది మరిచిపోవద్దు.

కొనడానికి ముందు అట్టముక్క మీద తొమ్మిది అంగుళాల వ్యాసంతో గుండ్రాలు కత్తిరించి దుకాణంలోనే ఫ్రీజర్ అడుగున పరిచి చూడండి. ఇంటి బీరుకు ఎక్కువగా వాడే బాల్‌లాక్ రకం కెగ్గు ఎత్తు దాదాపు 25 అంగుళాలు, పైన తగిలించే కనెక్టర్లకు మరో రెండు అంగుళాలు కలపాలి. కంప్రెసర్ మీద ఉండే మెట్టు పైకి సాధారణంగా గ్యాసు సిలిండర్ వెళుతుంది, కాలర్ ఎత్తుగా ఉంటే అక్కడ కూడా ఒక కెగ్గు నిలబెట్టుకోవచ్చు.

అడిగినవారి స్పందన (ఫ్రిస్కో)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫ్రిజ్ చేతిలోనే ఉంది కనుక దానితోనే మొదలుపెడతాను. మూడో కెగ్గు అవసరమైననాడు ఫ్రీజర్ సంగతి చూస్తాను. తలుపు లోపలి ప్లాస్టిక్ అరలు విప్పి కొలిచాను, రెండు కెగ్గులు పక్కపక్కన నిలుస్తున్నాయి, ఐదు పౌండ్ల సిలిండర్‌కు కూడా వెనక చోటు ఉంది. గ్యాసు గురించి ఎవరైనా వివరంగా చెబితే మేలు.

మూడో జవాబు (శాన్ హోసే, కాలిఫోర్నియా)

గ్యాసు గురించి నేను చెబుతాను, ఎందుకంటే దీన్ని తేలికగా తీసుకోవడం మంచిది కాదు. ఐదు పౌండ్ల సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ మొత్తం బయటికి వస్తే సుమారు పన్నెండు వందల లీటర్లు అవుతుంది. రెండు కార్లు పట్టే గ్యారేజీలో అది పూర్తిగా కలిసినా గాలిలో ఒక శాతం చిల్లర మాత్రమే. అదే సిలిండర్ చిన్న స్టోర్ రూములో తలుపు మూసి ఉండగా కారిపోతే ఇరవై శాతం దాకా చేరుతుంది. నాలుగు శాతమే ప్రాణాపాయమని అమెరికా ఆరోగ్య, భద్రతా సంస్థలు నిర్ణయించాయి. కనుక గ్యారేజీ మంచి ఎంపిక, గాలి ఆడని అల్మరా లాంటి గది కాదు. ఈ వాయువు గాలికంటే బరువైనది, లీకైతే ఫ్రిజ్ అడుగున, నేల మీద పేరుకుంటుంది. రేపు చెస్ట్ ఫ్రీజర్‌కు మారితే దీన్ని ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోండి. మూత తెరిచి కొంతసేపు గాలి ఆడనిచ్చాకనే లోపలికి వంగాలి, పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ వంగనివ్వకూడదు.

సిలిండర్‌ను ఎప్పుడూ నిలువుగా ఉంచి, పడిపోకుండా పట్టీతో కట్టండి. పక్కకు పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి పోతుంది. మెడ మీద చెక్కిన పరీక్ష తేదీ ఐదేళ్లు దాటితే దాన్ని నింపి ఇవ్వరు, కాబట్టి పాత సిలిండర్ కొనేటప్పుడు ముందు ఆ అంకెలు చదవండి. ఎక్కువ ఒత్తిడి చూపే గేజి సిలిండర్‌లో ఎంత మిగిలిందో చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు అక్కడే నిలిచి, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేసి, మెడ మీద టీడబ్ల్యూ అక్షరాల పక్కన ఉన్న ఖాళీ బరువును తీసివేయాలి.

లీకు పరీక్షను ఖాళీ కెగ్గులతోనే చేయండి. బీరు ఉన్న కెగ్గు గ్యాసును పీల్చుకుంటూనే ఉంటుంది కనుక ముల్లు దిగినా అది లీకో, బీరు తాగిన గ్యాసో తేల్చలేము. ముందుగా కెగ్గు మూతను 30 పీఎస్ఐతో బిగుసుకోనిచ్చి, తర్వాత సబ్బు నీళ్లు పూసి ప్రతి కీలునూ దగ్గరగా చూడండి. సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య ఉండే చిన్న వాషర్ దగ్గర, కెగ్గు మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగు దగ్గర బుడగలు కొన్నిసార్లు ఆవగింజంత చిన్నవిగా, చాలా నెమ్మదిగా పుడతాయి. ఒక నిమిషమైనా కళ్లు తిప్పకుండా చూస్తేనే కనబడతాయి. రబ్బరు రింగులకు ఆహారానికి పనికివచ్చే సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలా లీకులు అక్కడితో ఆగిపోతాయి. బాల్‌లాక్ కెగ్గుకు గ్యాసు వైపు పోస్టు (కనెక్టరు తగిలించే మొన) అడుగున చిన్న గాట్లు ఉంటాయి, దానికి బూడిద రంగు కనెక్టరు. బీరు వైపు గాట్లు ఉండవు, దానికి నల్లది. తప్పు వైపు బలవంతంగా నొక్కితే ఊడిరాక చాలా సతాయిస్తుంది.

పిల్లల విషయంలో ట్యాపుకు తాళం అమ్ముతారు, కానీ అంతకంటే సులభమైన పద్ధతి ఉంది. ఆ పూటకు పని ముగిశాక నల్ల కనెక్టరును కెగ్గు నుంచి పైకి లాగేసి, ట్యాపు తిప్పి గొట్టంలో ఉన్న ఒత్తిడి వదిలేయండి. ఇక ఎవరు తిప్పినా చుక్క రాదు.

శుభ్రత గురించి పై ఇద్దరూ రాయలేదు కనుక అది కూడా చేరుస్తాను. గొట్టాలను రెండు వారాలకు ఒకసారి బీర్ లైన్ క్లీనర్‌తో కడగాలి. అది క్షారం, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కడిగాక మంచినీళ్లు ధారాళంగా పోనివ్వాలి. కెగ్గు అయిపోయిన ప్రతిసారీ ట్యాపును స్పానరుతో విప్పి విడి భాగాలను బ్రష్‌తో రుద్దండి. బీరులో పుల్లదనం గానీ వెన్న వాసన గానీ తగిలితే కెగ్గును అనుమానించే ముందు ట్యాపు విప్పి చూడండి.