గాత్రం బాగా వినిపించే హెడ్‌ఫోన్స్ ఏవి? ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా?

అందరికీ నమస్కారం. తీరిగ్గా కూర్చుని పాటలు వినడానికే మంచి వైర్డ్ హెడ్‌ఫోన్స్ కొనాలనుకుంటున్నాను. కాల్స్, గేమ్స్ కోసం కాదు. ఎక్కువగా వినేది గాత్రం, వయొలిన్, వేణువు. పాడేవారు ఊపిరి తీసుకోవడం కూడా తెలియాలి, బేస్ గొంతును మింగేయకూడదు. నాకు అదే ముఖ్యం.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మీద మనసు పడింది. ఓపెన్ బ్యాక్ (చెవి కప్పుల వెనకభాగం తెరిచి ఉండే రకం) కాబట్టి పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా వినిపిస్తుందంటారు. కానీ దాని ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డుపడే నిరోధం, ఇది ఎక్కువైతే నడపడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి) 300 ఓమ్స్. ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో నేరుగా పెడితే సౌండ్ సరిపోతుందా, విడిగా ఆంప్లిఫయర్ కొనక తప్పదా? పైగా శబ్దం బయటికి వస్తుంది. నేను వినేదేమో రాత్రిపూట, అదే గదిలో ఇంకొకరు నిద్రపోతుంటారు. ఆ లెక్కన వెనకభాగం మూసి ఉండే క్లోజ్డ్ బ్యాకే నయమేమో. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ అయితే 38 ఓమ్సే, ఫోన్‌తో నడిచిపోతుంది. మరి అందులో గాత్రం ఎలా ఉంటుంది?

అన్నట్టు, నాకు కళ్లజోడు ఉంది. చాలాసేపు విన్నా చెవుల దగ్గర నొక్కుకుపోనిది ఏది? ఇయర్‌ప్యాడ్స్ అరిగిపోతే మనమే మార్చుకోవచ్చా? ఈ రెండింటిలో ఏది వాడినవారైనా దయచేసి చెప్పండి.