నలుగురు ఒకేసారి మీదపడే ఐకిడో డెమోల్లో ఏవి చూడాలి?

పటమట కుర్రాడు:
ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్యలో చేరి ఇంకా ఏడాది కాలేదు. అంతకుముందు గుంటూరులో కరాటే చేశాను. ఒక్కణ్ణి నలుగురు చుట్టుముట్టే డెమోలు యూట్యూబ్‌లో చూస్తుంటే, చాలావాటిలో ఒకడు పడ్డాకే ఇంకొకడు వస్తున్నాడు. కరాటే ఫ్రెండ్స్ "సినిమా ఫైటే కదరా ఇది" అంటుంటే గట్టిగా బదులు చెప్పలేకపోతున్నాను. నిజంగా గుర్తుండిపోయేవి ఉంటే చెప్పండి. వాటిలో ఏం గమనించాలో కూడా.

సత్యనారాయణపురం:
తమ్ముడూ, ముందు గోజో షియోదా పాత వీడియోలు చూడు. ఐకిడోలో యోషిన్‌కాన్ అనే శైలిని స్థాపించింది ఆయనే, 1994లో పోయారు. మనిషి ఐదడుగులకు కాస్త పైన, అంతే. అయినా ఎవరి కోసమూ ఆగడు. దగ్గరున్నవాడి మీదికి తానే వెళ్తాడు. చేత్తో విసిరేది తక్కువ. ఎదుటివాడు ఊపు మీదున్న క్షణంలో భుజమో వీపో అడ్డం పెడతాడు, వాడు ఎగిరి పడతాడు. ఒక్కోసారి పాదం మీద పాదం వేసి కదలకుండా చేసేస్తాడు. 1962లో అమెరికా నేత రాబర్ట్ కెన్నెడీ ఆయన డోజోకి, అంటే శిక్షణశాలకి, వెళ్లినప్పటి ఫిల్మ్‌ని అందరూ షేర్ చేస్తుంటారు. కెన్నెడీ బాడీగార్డును నేలకి అదిమిపెట్టిన తీరు చూడాల్సిందే, కానీ అది ఒకరితో ఒకరు. నువ్వడిగింది వేరు.

రెండోది, ఐకిడోని స్థాపించిన మోరిహే ఉయెషిబా గారి 1935 ఫిల్మ్. ఒసాకాలో అసాహి పత్రిక వాళ్లు తీయించారు. అప్పటికే ఆయనకి యాభై దాటాయి. తెల్లగడ్డంతో ఉన్న 1960ల ఫిల్ములే జనం ఎక్కువ చూస్తారు గానీ, నన్నడిగితే నేర్చుకునేవాడికి 1935దే మేలు. ఎవరి బరువు ఎటు పోతోందో అందులో కళ్లకు తెలుస్తుంది.

ఏం గమనించాలంటావా? ఎవరు ఎలా పడ్డారన్నది వదిలెయ్. చేసేవాడి అడుగులు చూడు. మన కబడ్డీలో రైడర్ ఏడుగురినీ కళ్లముందే ఉంచుకుంటాడు కదా, కార్నర్‌వాడు వెనక్కి చేరాడంటే పని అయిపోయినట్టే. ఇక్కడా అంతే. మధ్యలో నిలబడ్డవాడు దొరికిపోతాడు. అంచుకి వెళ్లినవాడికి నలుగురూ ఒకే వరసలో పడతారు, అప్పుడు ముందున్నవాడే వెనకవాళ్లకి అడ్డం.

మొన్న మా సీనియర్ ఒకాయన మీదికి ముగ్గురం వెళ్లాం. మణికట్టు పట్టుకుందామని చెయ్యి చాచేసరికి ఆయన అక్కడ లేరు, నా మోచేతి వెనక ఉన్నారు. భుజం మీద చెయ్యి వేసి తోశారు, గట్టిగా కూడా కాదు. నేను వెళ్లి పక్కవాడి ఛాతీకి గుద్దుకున్నా. మేమిద్దరం విడిపడేలోపు మూడోవాడు మ్యాట్ మీదున్నాడు.

బ్రాడీపేట నుంచి:
అన్నగారు చెప్పింది నిజమే. నేను మాత్రం ముందు ఉకేలనే, అంటే మీదికి వెళ్లేవాళ్లనే చూస్తాను. ఎక్కువగా ఆ పని నాదే కాబట్టి. పట్టుకోవాలనే వస్తున్నారా, చేతులు చాచి పడెయ్యమని ఆగుతున్నారా? పడ్డవాడు లేచి వెనక నుంచి వస్తున్నాడా, నిదానంగా ముందుకే తిరిగొస్తున్నాడా? ఆ తేడా ఒకసారి పట్టుకున్నాక, మీ ఫ్రెండ్స్ ఏ డెమోల గురించి అలా అంటున్నారో మీకే తెలుస్తుంది. కొన్నిటి విషయంలో వాళ్లు సరిగ్గానే అంటున్నారు.

ఉయెషిబా గారి సంస్థ ఐకికై పెట్టే పరీక్షల్లోనూ ఇలా ఒకేసారి చాలామందితో చెయ్యడం ఉంటుంది. ఇద్దరితో చెయ్యడం రెండో డాన్‌కి (డాన్ అంటే బ్లాక్ బెల్ట్ స్థాయి), అంతకంటే ఎక్కువమందితో మూడో డాన్‌కి అడుగుతారు. ఏటా మే నెలలో టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్ హాల్లో జరిగే అఖిల జపాన్ ప్రదర్శన వీడియోలు కూడా చూడండి. ఒకే వేదిక మీద పెద్ద గురువులు ఒక్కొక్కరు ఎంత వేరుగా కదులుతారో కనిపిస్తుంది.

పటమట కుర్రాడు:
షియోదా వీడియో ఇప్పుడే చూశా. అడుగులు చూడమన్నాక పూర్తిగా వేరే వీడియోలా ఉంది! మా హాల్ చిన్నది, మేం నలుగురమే. మేమూ మొదలుపెట్టొచ్చా అన్నా?

సత్యనారాయణపురం:
మీ గురువుగారిని అడిగి, ఆయన ఎదురుగానే. ముందు ఇద్దరితో, నడక వేగంలో. విసరడాలు వద్దు, తప్పుకుని వాళ్లిద్దరినీ ఒకే వరసలోకి తేవడం వరకే. చిన్న హాల్ అంటున్నావు, ఒకడు ఇంకా లేవకముందే వాడి మీద రెండోవాణ్ణి పడేస్తే మోకాళ్లు పోతాయి. ఎటు తోస్తున్నావో చూసుకునే తోయాలి.

బ్రాడీపేట నుంచి:
నాలుగోవాణ్ణి గోడ దగ్గర నిలబెట్టండి. ఎవరైనా గోడవైపు వెళ్తుంటే "ఆగు" అని అరవడం అతని పని. మేం ఇప్పటికీ అలాగే చేస్తాం.