ఇంట్లో సినిమాలకి చిన్న కంప్యూటర్: ఫ్యాన్ ఉండాలా, అక్కర్లేదా?

నాగావళి (రాయగడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 76 ఏళ్లు. రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చుని పాత తెలుగు సినిమాలు చూస్తారు. సినిమాలన్నీ 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒక పాత డెస్క్‌టాప్‌ని టీవీకి తగిలించి నడిపిస్తున్నాం. దాని ఫ్యాన్ల హోరుకి మెల్లగా మాట్లాడుకునే సీన్లు ఆయనకి వినపడవు, సౌండ్ పెంచుతారు. మరుక్షణం పాట మొదలవుతుంది, పక్క గదిలో పడుకున్న అమ్మ ఉలిక్కిపడి లేస్తుంది. రోజూ ఇదే తంతు.

వాన గట్టిగా కురిస్తే డీటీహెచ్ సిగ్నల్ పోతుంది, నెట్ మీదా నమ్మకం లేదు. కాబట్టి హార్డ్ డిస్క్ మానుకోలేం. టీవీ 43 అంగుళాల 4కే, కింద ఒక సౌండ్‌బార్. బడ్జెట్ 20 వేలు. మా బావగారు ఫ్యాన్ లేని మినీ పీసీ కొనమంటారు. తమ్ముడేమో విశాఖలో ఆఫీసులు తీసేసిన చిన్న కంప్యూటర్లు తక్కువకి దొరుకుతాయి, ఫ్యాన్ ఉన్నా పర్లేదంటాడు. ఎవరి మాట వినాలో తేలటం లేదు. వాడినవాళ్లు చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మీ బావగారి మాటే వినండి. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న ఫ్యాన్ లేని పెట్టె రెండేళ్లుగా మా హాల్లో ఉంది. 2023లో వచ్చిన చిప్ అది, 6 వాట్ల రకం. ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూశాను, 4కే సినిమా ఆడుతున్నప్పుడు పెట్టె మొత్తం కలిపి 12 వాట్లు దాటలేదు. మీ పాత డెస్క్‌టాప్ 70 వాట్లయినా తాగుతుంది. రోజుకి నాలుగు గంటలు చూస్తే ఈ తేడా ఒక్కటే నెలకి ఏడు యూనిట్లు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద సినిమా పూర్తిగా చూడొచ్చు.

శబ్దం సంగతి చెప్పక్కర్లేదు, తిరిగేది ఏదీ లేనప్పుడు శబ్దం ఎక్కడినుంచి వస్తుంది? ఫ్యాన్ ఎంత మంచిదైనా రెండేళ్లకి దుమ్ము పట్టి గరగరమంటుంది. దాన్ని విప్పి తుడిచేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు?

వర్ధా ఒడ్డు (బల్లార్షా)

నాగావళి గారూ, కొనేముందు నా అనుభవం వినండి. మాది చంద్రపూర్ జిల్లా. మే నెలలో పగలు 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు, రాత్రి పదింటికి కూడా హాలు గోడలు సెగలు కక్కుతుంటాయి. నేనూ ఫ్యాన్ లేని పెట్టె కొన్నాను. చలికాలమంతా బ్రహ్మాండంగా పనిచేసింది. ఏప్రిల్ వచ్చేసరికి పై మూత అట్లపెనంలా తయారైంది, చెయ్యి ఆనించలేకపోయాను. గంట సినిమా అయ్యాక బొమ్మ ఆగి ఆగి వచ్చేది.

ఫ్యాన్ లేని పెట్టె తన వేడిని గదిలోకే వదలాలి. గది ఎంత వేడిగా ఉంటే దాని మీద మరో పాతిక, ముప్పై డిగ్రీలు లోపల ఉంటాయి. చిప్ వంద డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నిజమే. లోపల ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ అలా కాదు, మామూలు రకాలకి కంపెనీలు రాసే హద్దు 70 డిగ్రీలు. నా దాంట్లో ఎస్ఎస్‌డీ ఆ హద్దు దగ్గరే ఉండేది. ఎండాకాలమంతా అదే టెన్షన్. చివరికి పెట్టె పక్కన ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాం. నిశ్శబ్దం కోసం కొన్నదానికి టేబుల్ ఫ్యాన్ హోరు తోడైతే ఇక కొన్నదెందుకు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నా, మీ పెట్టె ఎక్కడ పెట్టారు? టీవీ యూనిట్ అరలో, సెట్ టాప్ బాక్స్ పక్కన పెట్టుంటే ఆ గతి తప్పదు. మాది గోడకి బిగించాం, నిలువుగా, నాలుగు వైపులా జానెడు ఖాళీ ఉంది. పెట్టె మీద వేడిని వదిలే లోహపు రెక్కలు నిలువుగా ఉంటే వేడిగాలి దానంతటదే పైకి పోతుంది. పైన సీలింగ్ ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది.

వర్ధా ఒడ్డు (బల్లార్షా)

అరలో లేదు తమ్ముడూ, హాల్లోనే బల్ల మీద, చుట్టూ ఖాళీగా ఉంది. మీ పర్లాకిమిడి గాలికి సరిపోయింది మా బొగ్గు గనుల ఊరికి సరిపోదు.

కొలాబ్ (జయపురం)

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను, పాతికేళ్లుగా ఇదే పని. మీరిద్దరూ ఫ్యాన్ గురించి కొట్టుకుంటున్నారు. ఫ్యాన్ ఎప్పుడు అరుస్తుందో అడగట్లేదు.

వీడియో ఆడించడానికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది. ఫైల్ ఏ రకమో ఆ భాగానికి తెలిస్తే ప్రాసెసర్ దాదాపు నిద్రపోతుంది, ఫ్యాన్ తిరిగినా వినపడదు. తెలియకపోతే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, నిమిషంలో ఫ్యాన్ ఈల వేస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు చూడాల్సింది జనరేషన్, అంటే ప్రాసెసర్ ఎన్నో తరానిదో. ఇంటెల్ ఆరో జనరేషన్ 10 బిట్ హెచ్ఈవీసీ అనే వీడియో రకం దగ్గర చతికిలపడుతుంది, ఈ రోజుల్లో 4కే సినిమాలు చాలావరకు ఆ రకమే. ఏడో జనరేషన్ నుంచి ఆ బాధ లేదు. ఏవీ1 అనే కొత్త రకం కావాలంటే పదకొండో జనరేషన్, లేదా పైన చెప్పిన ఎన్100. యూట్యూబ్‌లో ఏవీ1 ఎక్కువ కనిపిస్తోంది. పాత చిప్ మీద అది నడిస్తే ఫ్యాన్ మోత మొదలైనట్టే. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఏవీ1ని తగ్గించే వీలుంది, అది మార్చుకోవాలి.

మా దగ్గరికి వచ్చే డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ, లెనోవో టైనీ పెట్టెల్లో ఎనిమిదో జనరేషన్ కంటే కింద ఉన్నది నాన్నగారి కోసం తీసుకోవద్దు. విండోస్ 11కి కనీసం ఎనిమిది కావాలి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది.

ఇంకో మాట, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఆ పాత పెట్టెల్లో హెచ్‌డీఎంఐ పోర్ట్ చాలావరకు 1.4 రకం. 4కే వస్తుంది కానీ సెకనుకి 30 సార్లే, వెలుగునీడలు బాగా చూపించే హెచ్‌డీఆర్ రాదు. సినిమాలు 24 ఫ్రేములే కాబట్టి బొమ్మకి ఇబ్బంది లేదు, మౌస్ మాత్రం ఈడ్చుకుంటూ కదులుతుంది. డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ అడాప్టర్ కొంటే 60 వస్తుంది. చౌకరకం అడాప్టర్‌తో రాదు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అడాప్టర్ ఖర్చు, పాత పెట్టెలో చిప్ వేడి దిగడానికి కొత్తగా పుయ్యాల్సిన థర్మల్ పేస్ట్ ఖర్చు, విశాఖ రానుపోను ఖర్చు. అన్నీ కలిపితే కొత్త ఎన్100కి దగ్గరే పడుతుంది. మరి సెకండ్ హ్యాండ్ ఎందుకు?

కొలాబ్ (జయపురం)

ఆ లెక్క ఒప్పుకుంటున్నాను బాబూ. సినిమాలు చూడటమే పనైతే ఎన్100 చాలు. ఇంట్లో పిల్లల చదువుకీ అదే కంప్యూటర్ అయితే మాత్రం ఆఫీసు పెట్టెలో బలం ఎక్కువ. కానీ ఎన్100లోనే చిన్న ఫ్యాన్ ఉన్నవి కూడా వస్తున్నాయి. నా ఓటు వాటికే. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాన్ వేగం తగ్గించొచ్చు. వేగం సగానికి తగ్గిస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఎండాకాలంలో అవసరమైతే అదే కాస్త వేగంగా తిరుగుతుంది. అసలు లేనిదాన్ని ఎండాకాలం వచ్చిందని తిప్పలేం కదా.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం)

ఇంతసేపూ ఎవరూ హార్డ్ డిస్క్ ఊసెత్తలేదేమిటి? నాగావళి అన్నయ్యా, మీ పెట్టెలో ఫ్యాన్ తీసేసినా ఆ 4 టీబీ డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఫ్యాన్ లేని పెట్టె కొన్న మొదటి రాత్రే నాకు ఆ సంగతి తెలిసింది. సన్నగా ఒక గుంయ్ మనే మోత. డిస్క్‌ని చెక్క టీవీ యూనిట్ మీద పెట్టడంతో చెక్కంతా కలిసి మోగుతోంది. పాత హవాయి చెప్పు ముక్కలు నాలుగు కోసి కింద పెట్టాను, సగం తగ్గింది. తర్వాత డిస్క్‌ని లోపలి గదిలో రౌటర్‌కి తగిలించి, ల్యాన్ కేబుల్ హాల్లోకి లాగాను. ఇప్పుడు హాల్లో ఏమీ లేదు.

ఫ్యాన్ లేని పెట్టె తీసుకోవడానికి నా కారణం వేరు. సముద్రం దగ్గర. ఉప్పుగాలిని ఫ్యాన్ లోపలికి లాగి బోర్డు మీద పోస్తుంది. మా పాత కంప్యూటర్ పోర్టులు ఆకుపచ్చగా చిలుం పట్టాయి. మాకిక్కడ 45 డిగ్రీలు రావు, ఉక్కపోతే ఎక్కువ. కాబట్టి నాకు ఫ్యాన్ లేనిదే సరి. అదే నేను బల్లార్షాలో ఉంటే వర్ధా గారి మాటే వింటాను.

ఇంకొకటి. వైర్‌లెస్ కీబోర్డుదో, రిమోట్‌లా గాల్లో ఊపే ఎయిర్ మౌస్‌దో సిగ్నల్ అందుకునే చిన్న డాంగిల్‌ని యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పక్క పోర్టులో పెట్టకండి. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద డాంగిల్ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌ని చెడగొడుతుంది, బటన్ నొక్కితే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు. రిమోట్ పాడైందనుకుని నేను రెండోది కొన్నాను కూడా. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని ఒక అడుగు దూరం జరిపితే బాగైపోయింది.

నాగావళి (రాయగడ)

చాలా థాంక్స్ అమ్మా, డిస్క్ సంగతి నాకు తట్టనే లేదు. నిన్న రాత్రి పాత డెస్క్‌టాప్ ఆపేసి డిస్క్ ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి పెట్టి విన్నాను. మీరు చెప్పిన గుంయ్ ఉంది. ఒక అనుమానం: అసలు కంప్యూటరే వద్దు, టీవీ వెనక గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోండి అని మా ఆఫీసులో ఒకరంటున్నారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు కొనమని ఇంకొకరు.

వర్ధా ఒడ్డు (బల్లార్షా)

ఓటీటీలు మాత్రమే చూసేవాళ్లకి స్టిక్కే మంచిది, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కంప్యూటర్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కే రావాలంటే విండోస్ ఉండాలి, ఎడ్జ్ బ్రౌజరో వాళ్ల ఆపో ఉండాలి, టీవీ పోర్ట్ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉన్నది కావాలి. అంత తతంగం పెద్దవాళ్లకి ఎందుకు? కానీ మీకు కావాల్సింది హార్డ్ డిస్క్ సినిమాలు. 4 టీబీ డిస్క్‌ని మోసేంత కరెంటు స్టిక్ ఇవ్వదు, విడిగా పవర్ పెట్టాలి.

రాస్ప్‌బెర్రీ పై 5 హెచ్ఈవీసీని చక్కగా ఆడిస్తుంది. పాత హెచ్.264 ఫైళ్లకి మాత్రం అందులో విడి భాగం లేదు, ప్రాసెసరే మొయ్యాలి. పాత సినిమాల ఫైళ్లు ఎక్కువ అవే కదా. మామూలు హెచ్‌డీ దాకా మోస్తుంది, కాకపోతే వేడెక్కుతుంది. దాన్లో ఒక సుఖం ఉంది, టీవీ రిమోట్‌తోనే నడుస్తుంది. ఆ సీఈసీ సదుపాయం మామూలు మినీ పీసీల్లో సాధారణంగా ఉండదు. నాన్నగారి చేతిలో ఏ రిమోట్ ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకోండి. ఫ్యాన్ కంటే అదే పెద్ద సమస్య అవుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇది నిజం. మా మామ్మ కోసం పెద్ద బటన్లున్న ఇన్‌ఫ్రారెడ్ రిమోట్, దాని యూఎస్‌బీ రిసీవర్ కొన్నాను. కోడీ అనే సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్ పెట్టి, కంప్యూటర్ ఆన్ చెయ్యగానే అదే తెరుచుకునేలా చేశాను. పైకి, కిందికి, ఓకే, వెనక్కి. ఆవిడకి అవి చాలు.

కోడీలో వీడియోని బట్టి టీవీ రిఫ్రెష్ రేటు మారే సెట్టింగ్ కూడా ఆన్ చెయ్యండి. 24 ఫ్రేముల సినిమాని 60 మీద ఆడిస్తే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది. పాత టీవీ రికార్డింగులు 25 ఫ్రేములు, వాటికి 50 కావాలి.

ఫ్యాన్ విషయంలో నేనింకా నా మాట మీదే ఉన్నాను.

కొలాబ్ (జయపురం)

ఉండండి, తప్పేముంది. మీ ఇంట్లో పనిచేస్తోంది. నాగావళి గారూ, రాయగడలో చుట్టూ కొండలున్నా ఏప్రిల్, మే ఎండలు తక్కువేం కావు. పైగా హాలు పైన డాబానా, ఇంకో అంతస్తా?

నాగావళి (రాయగడ)

డాబానే. సాయంత్రానికి శ్లాబు మండిపోతుంది.

అందుకే ఎన్100లో చిన్న ఫ్యాన్ ఉన్నది తీసుకున్నాను, ఇవాళ్టికి పది రోజులైంది. మొదటి రాత్రి ఫ్యాన్ వినపడింది, బావగారు ఫోన్‌లో నవ్వారు. కొలాబ్ గారు చెప్పినట్టు బయోస్‌లో వేగం తగ్గించి, పెట్టెని టీవీ వెనక గోడకి బిగించాను. డిస్క్ లోపలి గదిలోకి పోయింది, 15 మీటర్ల ల్యాన్ కేబుల్ పట్టింది. డాంగిల్ ఎక్స్‌టెన్షన్ వైరు మీద ఉంది. నాన్నగారి కుర్చీలో నేనే కూర్చుని సీలింగ్ ఫ్యాన్ ఆపి విన్నాను. చెవి పెట్టి వెతికితే తప్ప దొరకలేదు.

నాన్నగారు సౌండ్ 34లో పెట్టేవారు, నిన్న చూస్తే 19లో ఉంది. అమ్మ లేవలేదు. రిమోట్ మాత్రం ఆయనకింకా చేతికి అలవాటు కాలేదు, వెనక్కి బటన్ బదులు ఆఫ్ నొక్కేస్తున్నారు. ఆ ఆఫ్ బటన్‌ని పనిచెయ్యకుండా చేసే మార్గం ఉంటే చెప్పండి. వర్ధా గారూ, మే నెలలో ఎస్ఎస్‌డీ ఎన్ని డిగ్రీలు చూపిస్తుందో మీకు రాస్తాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

విండోసే కదా? కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవండి. పవర్ బటన్ నొక్కితే ఏం చెయ్యాలి అనే చోట, స్లీప్ బటన్ చోట కూడా, ఏమీ చెయ్యొద్దు అని పెట్టండి. చాలా రిమోట్లకి అదే సరిపోతుంది. అప్పటికీ ఆగిపోతుంటే ఆ బటన్ మీద చిన్న ప్లాస్టర్ ముక్క అంటించండి. మా మామ్మ రిమోట్ మీద ఇప్పటికీ అదే ఉంది.