విజయవాడ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఢిల్లీ మీదుగా దగ్గరా, దుబాయి మీదుగా దగ్గరా?

పటమట వాసి:
మా అమ్మానాన్నలు వేసవిలో తమ్ముడి దగ్గరకు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లవలసి ఉంది. గన్నవరంలో ఎక్కి ఢిల్లీ మీదుగా వెళ్లడమా, హైదరాబాద్ చేరుకుని అక్కడినుంచి దుబాయి మీదుగా వెళ్లడమా అన్నది తేలడం లేదు. గోడమీది ప్రపంచపటంలో అమెరికా పడమటి దిక్కున ఉంది కాబట్టి దుబాయి దారిలోనే తగులుతుందని, ఢిల్లీ చుట్టుదారి అని ఇంట్లో వాదన. పైగా ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరితే అదే తేదీన ఉదయం 7.30కు దిగుతారని చూపిస్తున్నారు. అసలు విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి?

గుంటూరు, భూగోళం మాస్టారు:
గోడపటాన్ని పక్కన పెట్టి గ్లోబు తీసుకోండి. విజయవాడ మీద, శాన్‌ఫ్రాన్సిస్కో మీద వేళ్లు పెట్టి మధ్య దారాన్ని బిగించి లాగితే, అది పడమటికి పోదు. ఈశాన్యంగా టిబెట్, మంగోలియా, తూర్పు సైబీరియా, అలాస్కాల మీదుగా సాగుతుంది. ఆ దారం పొడవు సుమారు 13,500 కి.మీ. గన్నవరం నుంచి ఢిల్లీకి దాదాపు 1,400, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 12,400 కలిపితే 13,800, అంటే అదనం 300 మాత్రమే. హైదరాబాద్, దుబాయిల మీదుగా అయితే మొత్తం 15,800 దాటుతుంది. మీ ఇంట్లోవారు చుట్టుదారి అంటున్నదే దగ్గరి దారి.

అయితే విమానం అచ్చంగా దారం వెంట పోదు. లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ 10,000 అడుగులకు దిగాలి. టిబెట్ పీఠభూమే సగటున అంతకంటె ఎంతో ఎత్తు, కనుక దాన్ని వీలైనంత తప్పిస్తారు. 10 కి.మీ. ఎత్తున పడమటినుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహాలు మరొక కారణం. ఎయిరిండియా 2016లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు, దూరం 15,300 కి.మీ.కు పెరిగినా గాలి వెనుకనుంచి తోయడంతో ప్రయాణం 14.30 గంటల్లోనే ముగిసింది. కిలోమీటర్లు చూసి గంటలు లెక్కకట్టవద్దని నేను చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

బెంజిసర్కిల్ నుంచి:
మీ టికెట్ లెక్క సులభం. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె 12.30 గంటలు వెనుక, చలికాలంలో 13.30 గంటలు. అక్కడ ఉదయం 7.30 అంటే మనకు రాత్రి 8 గంటలు. కాబట్టి ప్రయాణం 16 గంటలు. తిరుగు ప్రయాణంలో ఈ తేడా ఎదురు తిరుగుతుంది గనుక, గడియారాలను చూస్తే ఒక రోజు పైనే పట్టినట్టు ఉంటుంది.

బ్రాడీపేట, గుంటూరు:
మాస్టారుగారి లెక్కతో పేచీ లేదు గానీ, దుబాయి నుంచి కూడా చివరి అంచె ఇంచుమించు 16 గంటలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అదే అసలు బాధ. హాంకాంగ్ నుంచి అయితే 11,100 కి.మీ., 13 గంటల లోపు. మొత్తం దూరం పెరిగినా ప్రయాణం రెండు ముక్కలవుతుంది, నడుమ కాళ్లు చాపుకోవచ్చు.

పటమట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఢిల్లీలో ఒక్కసారి ఎక్కితే మధ్యలో దిగే పని ఉండకూడదంటున్నారు కనుక ఢిల్లీ దారికే మొగ్గు. గన్నవరం నుంచి మొత్తం ఒకే టికెట్‌గా తీసుకుంటే సామాను నేరుగా చేరుతుందా?

బెంజిసర్కిల్ నుంచి:
ఒకే పీఎన్ఆర్ అయితే సాధారణంగా చేరుతుంది. గన్నవరంలో సామాను ఇచ్చేటప్పుడే చీటీ మీద ఎస్ఎఫ్‌ఓ (శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం గుర్తు) అని ఉందో లేదో చూసుకోమనండి.