నిద్ర తగ్గితే యూరిక్ యాసిడ్ పెరుగుతుందా?

నైట్‌షిఫ్ట్ శీను:
హెల్త్ చెకప్‌లో నా యూరిక్ యాసిడ్ 8.1 వచ్చింది. మగవాళ్లకు 7 దాటితే ఎక్కువంటారు. వయసు 36. మందు తాగను, మాంసం ఆదివారాలే. మూడేళ్లుగా అమెరికా టైమింగ్స్‌లో పని, పగలు ఐదు గంటల నిద్ర పడితే గొప్ప. నిద్ర లేకే పెరిగిందని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కాకినాడ పద్మజ:
శీను గారూ, ఈ రెంటికీ సంబంధం ఉందన్న సర్వేలు చాలావరకు ఒక్కసారే రక్తం తీసి, ఎన్ని గంటలు పడుకుంటారో అడిగి రాసుకున్నవి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాటిలో తేలదు. పైగా నిద్ర తక్కువున్న వాళ్లలో బరువు, బీపీ కూడా ఎక్కువగా కనిపిస్తాయి. యూరిక్ యాసిడ్ వాటితోనూ పెరుగుతుంది. డ్యూటీలో ఏం తాగుతారో చెప్పండి.

నైట్‌షిఫ్ట్ శీను:
రెండు కూల్‌డ్రింకులు. ఒక్కోసారి మూడు.

కాకినాడ పద్మజ:
అదీ సంగతి. వాటి తీపిలో ఫ్రక్టోజ్ ఉంటుంది. కాలేయం దాన్ని అరిగించుకునేటప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. మందు ముట్టని వాళ్లలోనూ పెరగడానికి ఇదొక కారణం.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా పద్మజా, నిద్రను అంత తేలిగ్గా తీసేయకు. నాకు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు నొప్పి, మొదటిసారి వచ్చింది రాత్రి రెండు గంటలకు. బొటనవేలి మీద దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుండేది. నేను చూపించుకున్న డాక్టరు మాత్రలు రాశారు గానీ, గురక సంగతి అడగనే లేదు. రెండేళ్ల తర్వాత స్లీప్ టెస్ట్ చేయిస్తే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందని తేలింది. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ విరిగిపోయి ప్యూరిన్లుగా మారుతుంది. చివరికి యూరిక్ యాసిడ్ అయ్యేది అవే. అమెరికాలో గౌట్ రోగుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, అర్ధరాత్రి నుంచి ఉదయం 8 లోపు నొప్పి మొదలయ్యే అవకాశం పగటికంటే రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. నాయనా శీనూ, నువ్వు గురక పెడతావా?

కాకినాడ పద్మజ:
మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ అది ఊపిరి సమస్య. గంటలు తగ్గడం వేరు. ఎనిమిది గంటలు పడుకునే వాళ్లకూ ఆప్నియా ఉంటుంది.

విజయవాడ వంటిల్లు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ఇంట్లో 7.4 రాగానే పప్పు, పాలకూర మానేయించారు. నిజంగా అవసరమా?

కాకినాడ పద్మజ:
అవసరం లేదండీ. అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. మాంసం, చేపలు ఎక్కువ తిన్నవాళ్లలో గౌట్ పెరిగింది గానీ, ప్యూరిన్లున్న కూరగాయల వల్ల పెరగలేదు. తగ్గించాల్సింది కార్జం, తలకాయ కూర.

నైట్‌షిఫ్ట్ శీను:
మా ఆవిడను అడిగాను. గురక ఉందట, మధ్యలో ఆగి ఒక్కసారిగా ఎగశ్వాస తీస్తానట. భయపడి తట్టి లేపుతుందట, నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు. స్లీప్ టెస్ట్‌కు వెళ్తాను మాస్టారూ. కానీ పద్మజ గారూ, ఆ కూల్‌డ్రింకులు తాగించింది ఈ నైట్ డ్యూటీయే కదా? నిద్ర ఆగక తాగినవే. బరువు కూడా ఈ మూడేళ్లలోనే తొమ్మిది కిలోలు పెరిగాను. మూలం నిద్రే అన్న మాట మీదే ఉన్నాను.

కాకినాడ పద్మజ:
అయితే పరీక్షించి చూడండి. షిఫ్ట్ మార్చకండి, కూల్‌డ్రింకులు మాత్రం ఆరు వారాలు ఆపి, నీళ్లు బాగా తాగి, అదే ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇవ్వండి. నొప్పి ఏమీ లేదు కాబట్టి డాక్టర్ని అడగకుండా మాత్రలు మొదలుపెట్టొద్దు. రిపోర్టు ఇక్కడే పెట్టండి.