అప్‌డేట్: నడుం ఆపరేషన్ తర్వాత కాలి మంట, ప్రీగాబాలిన్ డోసు

నడుములో ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ ఆపరేషన్ అయి 8 నెలలైనా నాన్నకు ఎడమ కాలి మంట తగ్గలేదని, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతున్నారని, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ వాడొచ్చా అని అడిగాను కదా. వాడొచ్చు. కానీ మాది కవిటి, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఇక్కడ ముందు కిడ్నీ చూడాలి. ఈ మందు దాదాపు మొత్తం మూత్రంలోనే పోతుంది. కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుని మత్తు, తూలు, కాళ్ల వాపు వస్తాయి.

కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలిపే లెక్క ఇది: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 × రక్త పరీక్షలో తెలిసే క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. నాన్నకు 64 ఏళ్లు, 60 కిలోలు, క్రియాటినిన్ 1.9 మి.గ్రా./డె.లీ. వచ్చింది నిమిషానికి 33 మి.లీ. 30-60 మధ్య ఉంటే మామూలు డోసులో సగమే. డాక్టరు గారు రాత్రి 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం వారం చూసి 75కి తెచ్చారు. మంట సగం తగ్గింది, నిద్ర పడుతోంది.

నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ పూర్తిగా మానిపించారు. నరం మంటకు అది పెద్దగా పనిచేయదు, కిడ్నీని మాత్రం దెబ్బతీస్తుంది. దయచేసి మందుల షాపులో అడిగి కొనకండి. ప్రీగాబాలిన్ కూడా ఒక్కసారిగా ఆపకూడదు, కనీసం వారం పట్టేలా తగ్గించాలి.

మూత్రం ఆగినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం వేలాడిపోయినా మందులతో కాలయాపన వద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.